పాపకు ఔరేలియా అని పేరు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది నరసరావుపేట ప్రాంతం. ఉద్యోగరీత్యా ఆరేళ్లుగా జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్‌లో ఉంటున్నాం. వచ్చే నెలలో నాకు కాన్పు, ఆడపిల్ల అని ఇక్కడి డాక్టర్లు చెప్పారు. మేము ఈ ఊరికి వచ్చిన కొత్తలో పై అంతస్తులో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ మమ్మల్ని సొంత పిల్లల్లా చూసుకున్నారు. ఆమె పేరు ఔరేలియా. నిరుడు కాలం చేశారు. ఆ పేరు పాపకు పెట్టుకోవాలని నా కోరిక. మా అత్తగారు మాత్రం తన తల్లి కనకమ్మగారి పేరు నిలబెట్టాలని అంటున్నారు. పైగా అది క్రైస్తవుల పేరు కదా, మనకెందుకని ఆమె అభ్యంతరం. నేను వెతికితే ఆ పేరుకు బంగారం అని అర్థమని, అది రోమన్ దేవత పేరని, చాలా అరుదైనదని కనిపించింది. ఇందులో నిజమెంత? ఆ పేరుతో పిల్ల రేపు ఇబ్బంది పడదు కదా?

సమాధానం: అమ్మా, ముందుగా అర్థం సంగతి చూద్దాం. బంగారం అన్న మాట తప్పు కాదు గానీ, అంతటితో కథ పూర్తి కాదు. లాటిన్ భాషలో బంగారాన్ని ఔరుమ్ అంటారు. రసాయనశాస్త్రంలో బంగారానికి వాడే ‘ఏయూ’ అనే గుర్తు ఆ మాటలోని మొదటి రెండు అక్షరాలే. బంగారు వన్నె కలది, బంగారంతో చేసినది అని చెప్పడానికి ఔరేయుస్ అంటారు. కాబట్టి ఔరేలియా అనగానే రోమ్ నగరంలోని మామూలు మనిషి చెవికి బంగారమే వినిపించి ఉంటుంది. ఆ తరువాతి కాలాల వారికీ అలాగే వినిపించింది. సీతాకోకచిలుకగా మారబోయే పురుగు గూటిలో ఉన్న దశను యూరప్ ప్రకృతి శాస్త్రజ్ఞులు ఒకప్పుడు ఔరేలియా అని పిలిచేవారు. కొన్ని జాతుల గూళ్ల మీద బంగారు పూత పూసినట్టు మెరుపు ఉండటమే ఇందుకు కారణం.

అయితే ఆ పేరు పుట్టుక గురించి రోమన్లు స్వయంగా చెప్పుకున్న మాట వేరు. క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందిన ఫెస్టస్ అనే పండితుడు లాటిన్ మాటలకు అర్థాలు చెబుతూ ఒక గ్రంథం రాశాడు. దానిని 8వ శతాబ్దంలో పౌలు అనే సన్యాసి సంక్షిప్తం చేశాడు. ఔరేలియా వంశం వారు రోమ్‌కు ఈశాన్యాన కొండ ప్రాంతంలో ఉండే సబైన్ జాతి నుంచి వచ్చారని, వారికి ఆ పేరు సూర్యుని వల్ల వచ్చిందని, సూర్యునికి పూజలు చేసుకోవడానికి రోమన్ ప్రజలు వారికి ఒక స్థలం ఇచ్చారని, వారిని మొదట్లో ఔసేలీ అని పిలిచేవారని అందులో ఉంది. రోమ్‌కు ఉత్తరాన ఉండిన ఎట్రుస్కన్లు సూర్యదేవుణ్ణి ఉసిల్ అనేవారు. వారు చేసిన కంచు అద్దాల మీద ఆ పేరు చెక్కి ఉంది. ఔసేలీ, ఉసిల్ అనే ఈ రెండు మాటల పోలికను భాషాశాస్త్రజ్ఞులు చాలాకాలంగా గమనిస్తూనే ఉన్నారు.

‘ఔసే’ కాస్తా ‘ఔరే’ ఎలా అయిందని మీకు సందేహం రావచ్చు. మనకు ఇది కొత్త కాదు. నిస్సారం అనే మాటలో నిస్ అని ఉన్న ఉపసర్గే నిరాశ, నిరాధారం అనే మాటల్లో నిర్ అవుతుంది కదా. సంస్కృతంలో సంధి జరిగే చోట మాత్రమే కనిపించే ఈ మార్పు లాటిన్‌లో మాట నడుమ కూడా జరిగింది. రెండు అచ్చుల మధ్య పడిన సకారం క్రీ.పూ. 4వ శతాబ్దం నాటికి రేఫగా మారిపోయింది. వలేసీ అనే వంశం వారు వలేరీలు అయ్యారు, పపీసీలు పపీరీలు అయ్యారు, ఔసేలీలు ఔరేలీలు అయ్యారు. పువ్వును లాటిన్‌లో ఫ్లోస్ అంటారు గానీ పువ్వుల దేవత పేరు ఫ్లోరా కావడానికీ ఇదే కారణం.

ఈ సూత్రం పట్టుకుంటే మీరు అడిగిన దేవత సంగతి కూడా తేలిపోతుంది. ఔరేలియా అనే దేవత రోమన్లకు లేదు. వారికి ఉన్నది ఔరోరా, తెల్లవారుజాము దేవత. ఆమె పేరు కూడా పూర్వం ఔసోసా వంటి రూపంలో ఉండేదని పండితులు తేల్చారు. ఆ రూపాన్ని ఒకసారి పైకి పలికి, వెంటనే మన ఉషస్సు అనే మాటను పలికి చూడండి. అవి ఒకే మూలం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ల వంటి మాటలు. ఋగ్వేదంలో ఋషులు స్తుతించిన ఉషాదేవి, రోమన్ల ఔరోరా, గ్రీకుల ఎయోస్, ముగ్గురి పేర్లకూ ధాతువు ఒక్కటే. బంగారానికి లాటిన్‌లో ఉన్న ఔరుమ్ అనే మాట కూడా ఈ తెల్లవారే వెలుగు అనే ధాతువు నుంచే వచ్చిందని ఎక్కువమంది నమ్మకం. లిథువేనియా భాషలో నేటికీ తెల్లవారుజామును ఔష్రా అని, బంగారాన్ని ఔక్సస్ అని అంటున్నారు. కాబట్టి బంగారమా, సూర్యుడా అని మీరు ఒకదాన్ని ఎంచుకోవలసిన అవసరం రాదు. పొద్దుపొడుపు వేళ తూర్పున కనిపించే రంగు ఏదో ఆ పేరులో ఉన్న అర్థం అదే.

ఇక నేను ముఖ్యమనుకుంటున్న విషయానికి వస్తాను. రోమ్‌లో ఔరేలియా అన్నది ఒక పిల్లకు ప్రత్యేకంగా పెట్టిన పేరు కాదు. అది ఇంటిపేరు. రోమన్ పురుషుడికి గాయుస్, మార్కుస్ వంటి సొంత పేరు, దాని తరువాత వంశం పేరు, కొందరికి ఆపైన శాఖ పేరు ఉండేవి. ఆడపిల్లకు మాత్రం సాధారణంగా వంశం పేరునే స్త్రీలింగంలో మార్చి పిలిచి ఊరుకునేవారు. ఔరేలియుస్‌ల ఇంట పుట్టిన ప్రతి పిల్లా ఔరేలియాయే, యూలియుస్‌ల ఇంట పుట్టిన ప్రతి పిల్లా యూలియాయే. జూలియస్ సీజర్‌కు ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉంటే ఇద్దరి పేరూ యూలియా, అతని మేనత్త పేరు యూలియా, కూతురి పేరూ యూలియాయే. ఇంట్లో ఒకరికి మించి ఉంటే పెద్దది, చిన్నది అనో, మొదటిది, రెండవది, మూడవది అనో గుర్తు చెప్పుకునేవారు. మీ ఇంటిపేరుతోనే మీ అక్కచెల్లెళ్లందరినీ పిలిచి ఉంటే ఎలా ఉండేదో ఊహించండి. ఆ నాగరికతలో నాకు మనసుకు కష్టం కలిగించే సంగతుల్లో ఇది ఒకటి. ఈనాడు జర్మనీలో బాగా వాడుకలో ఉన్న ఎమీలియా, యూలియా, క్లౌడియా, కొర్నేలియా, వలేరియా, ఇవన్నీ అలా పుట్టిన ఇంటిపేర్లే.

అలాంటి పేరుతోనే ఒక స్త్రీ తనకంటూ గుర్తింపు తెచ్చుకుంది. ఆమె సీజర్ తల్లి ఔరేలియా, కోట్టా అనే శాఖకు చెందిన ఇంటి ఆడపడుచు. తన పిల్లల పెంపకాన్ని దాసీలకు వదిలిపెట్టకుండా స్వయంగా చూసుకున్న తల్లులలో ఒకరిగా చరిత్రకారుడు టాసిటస్ ఆమెను పేర్కొన్నాడు. ఆమె ఎలాంటి మనిషో చెప్పే ఒక సంఘటనను ప్లూటార్క్ వివరంగా రాశాడు. క్రీ.పూ. 62లో సీజర్ ఇంట్లో బోనా దేయా అనే దేవత వ్రతం జరుగుతోంది. ఆ వ్రతంలో మగవాళ్లకు ప్రవేశం లేదు, చివరకు ఇంటి యజమాని కూడా ఆ రాత్రి బయటికి వెళ్లిపోవలసిందే. క్లోడియుస్ అనే యువకుడు వాయిద్యం వాయించే పిల్లలా ఆడవేషం వేసుకుని లోపలికి వచ్చాడు. ఔరేలియా పరిచారిక ఒకామె అతణ్ణి చూసి, తోటి ఆడపిల్ల అనుకుని తనతో ఆడుకోవడానికి రమ్మని లాగింది. అతడు నోరు తెరిచేసరికి గొంతు పట్టించింది. ఆమె కేక వేసి దీపాల వెలుగులో ఉన్న వాళ్లందరినీ పిలిచింది. అందరూ కంగారు పడుతుంటే ఔరేలియా పూజ ఆపించి, పూజాద్రవ్యాల మీద గుడ్డ కప్పించి, తలుపులు మూయించి, కాగడాలు పట్టించుకుని గది గదీ వెతికి అతణ్ణి బయటికి లాగించింది. ఆమె క్రీ.పూ. 54లో, కొడుకు గాల్ దేశంలో యుద్ధాల్లో ఉండగా, కన్నుమూసింది.

ఆ తరువాత ఈ ఇంటిపేరుకు ఎవరూ ఊహించని దశ పట్టింది. క్రీ.శ. 212లో కారకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలో బానిసలు కాని దాదాపు ప్రజలందరికీ రోమన్ పౌరసత్వం ఇచ్చాడు. అతని అధికారిక నామం మార్కుస్ ఔరేలియుస్ అంటోనీనుస్. పౌరసత్వం ఇచ్చినవారి వంశనామం తీసుకోవడం ఆనవాయితీ కాబట్టి ఈజిప్టులో, సిరియాలో, ఆసియా మైనర్‌లో లక్షలాది మంది రైతులు, నేతగాళ్లు, వర్తకులు ఔరేలియుస్‌లు, ఔరేలియాలు అయ్యారు. కొన్ని కుటుంబాలకే పరిమితమైన పేరు అందరి పేరైంది. ఈజిప్టు ఇసుకలో దొరికిన ఆనాటి దస్తావేజుల్లో అడుగడుగునా ఇదే పేరు కనిపిస్తుంది.

ఆ దస్తావేజుల్లో ఒకదాని గురించి మీకు తప్పక చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు నేను ఇవ్వబోయే సలహా అందులోనే ఉంది. ఆక్సిరింకస్ అనే ఊళ్లో క్రీ.శ. 263లో ఒక స్త్రీ ప్రాంతాధికారికి దరఖాస్తు పెట్టుకుంది. ముగ్గురు పిల్లలు గల తల్లులు సంరక్షకుడైన మగవాడి తోడు లేకుండా తమ లావాదేవీలు తామే జరుపుకోవచ్చని చట్టం చెబుతోందని, రాయడం తెలిసిన స్త్రీలకు ఇది మరీ వర్తిస్తుందని, తనకు పిల్లల భాగ్యమూ ఉంది, చదువూ ఉంది, సులువుగా రాయగలనని, కాబట్టి ఇకపై తన పనులను అడ్డులేకుండా చేసుకోనివ్వాలని అందులో కోరింది. దరఖాస్తును కార్యాలయంలో భద్రపరుస్తామని అడుగున జవాబు ఉంది. ఆమె పేరు ఔరేలియా థైసూస్, మరో పేరు లోలియానే. చూశారా, ఆ ఊళ్లో ఔరేలియాలు ఎందరో ఉన్నారు. ఆమెను ఆమెగా నిలబెట్టినవి ఆ పక్కన రాసుకున్న సొంత పేర్లు. పదిహేడు వందల ఏళ్ల కిందట తనకు రాయడం వచ్చునని అంత నిబ్బరంగా చెప్పుకున్న ఆ తల్లి అంటే నాకు ఎంతో గౌరవం.

క్రైస్తవుల పేరన్న మీ అత్తగారి మాటకు ఇప్పుడు జవాబు సులువు. సీజర్ తల్లి కాలానికి క్రీస్తు ఇంకా పుట్టనే లేదు. మొదట ఇది సూర్యోపాసకుల ఇంటిపేరు. ఇదే వంశనామం నుంచి వచ్చిన పేరు గల ఔరేలియానుస్ చక్రవర్తి క్రీ.శ. 274లో రోమ్ నగరంలో సూర్యదేవుడికి పెద్ద ఆలయం కట్టించాడు. ఫ్రాన్స్‌లోని ఓర్లేయాన్ నగరానికి అతని పేరే ఆధారం, ఆ నగరం పేరు అమెరికాలో న్యూ ఆర్లియన్స్‌గా స్థిరపడింది. తరువాతి కాలంలో క్రైస్తవులు కూడా ఈ పేరును ప్రేమగా పెట్టుకున్నారు. స్ట్రాస్‌బుర్గ్‌లోనూ, మీరుండే రేగెన్స్‌బుర్గ్‌లోనూ ఔరేలియా అనే పునీతులను కొలిచారు. ఆ పెద్దావిడకు ఆ పేరు పెట్టిన వారి మనసులో ఈ పునీతురాలే ఉండి ఉండవచ్చు. అది ఆ పేరుకు చేరిన గౌరవమే గాని లోపం కాదని మీ అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. ఇంకొక మాట కూడా ఆమెకు చెప్పవచ్చు. మీ ఊరే ఒకప్పుడు రోమన్ల దండు విడిసిన కోట. మార్కుస్ ఔరేలియుస్ చక్రవర్తి ఏలుబడిలో క్రీ.శ. 179లో దాన్ని కట్టారు. పోర్టా ప్రేటోరియా అనే ఆ కోట ద్వారం రాళ్లు ఊరి నడుమ ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. పాపను బండిలో కూర్చోబెట్టుకుని షికారు తీసుకువెళ్లినప్పుడు అక్కడ ఆగి చూపించండి.

ఇక అరుదైన పేరా అన్నది మీరు ఏ దేశంలో నిలబడి అడుగుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. మన తెలుగునాట ఇది దాదాపు వినబడని పేరు. రుమేనియాలో వెనుకటి తరం స్త్రీలలో బాగా తెలిసిన పేరు, అక్కడ మగవారికి ఔరెల్ అని ఉంటుంది. పోలండ్, హంగరీ, ఇటలీలలో కూడా ఇది వాడుకలో ఉన్నదే. ఫ్రాన్స్‌లో దీని రూపమైన ఒరేలీ 1980 దశకంలో ఆడపిల్లలకు అందరికంటే ఎక్కువగా పెట్టిన పేర్లలో ఒకటి. అందుకే అక్కడ ఆ పేరు వింటే నలభై దాటిన మహిళ గుర్తుకు వస్తుంది గాని పసిపాప రాదు. అమెరికాలో చాలాకాలం మరుగున పడి, ఈ మధ్య సంవత్సరాల్లో మళ్లీ పైకి వస్తోంది. జర్మనీలో తరగతిలో ముగ్గురికి ఉండేంత సామాన్యమూ కాదు, విన్నవారు మరోసారి చెప్పమని అడిగేంత వింతా కాదు. నా దృష్టిలో ఒక పిల్లకు పేరు ఉండవలసిన చోటు అదే.

పలకడంలోనూ మీకు కలిసొచ్చే సంగతి ఉంది. లాటిన్‌లో మొదటి అక్షరం మన ఔషధం, ఔదార్యం అనే మాటల్లోని ఔకారం. జర్మన్లు కూడా అలాగే పలుకుతారు. రోమన్ లిపిలో దానికి ఏడు అక్షరాలు, అందులో ఐదు అచ్చులే, హల్లులు ర, ల మాత్రమే. కటువైన అక్షరం ఒక్కటీ లేకపోవడం వల్ల మాటలు నేర్చే పసివాళ్లకూ, పళ్లూడిన పెద్దలకూ నోటికి సులువుగా పడుతుంది. ఇంగ్లీషు మాట్లాడేవారు మాత్రం ఒరీలియా అంటారు, దానికి పిల్ల అలవాటు పడాలి. ముద్దుగా పిలిచేటప్పుడు ఇంటిల్లిపాదీ లియా అంటారో, ఔరా అంటారో ముందే చెప్పలేం. ఔరా అంటే మన భాషలో ఆశ్చర్యం పట్టలేక అనే మాట. సెలవులకు నరసరావుపేట వచ్చినప్పుడు తోటి పిల్లలు ఆ మాట పట్టుకుని ఆటపట్టించవచ్చు, దానికి మీరు సిద్ధంగా ఉండండి. పుట్టిన బిడ్డను తొలిసారి చూసినప్పుడు ఎవరి నోటైనా వచ్చే మాట కూడా అదేనని పిల్లకు చెప్పి ఉంచండి.

నా సలహా ఇది. పాపకు ఔరేలియా కనక అని రెండు పేర్లూ కలిపి పెట్టండి. మీ అత్తగారిని సమాధానపరచడానికి సర్దుబాటుగా ఈ మాట చెప్పడం లేదు. ఔరేలియా పుట్టుకలోనే ఒక ఇంటిపేరు, దాని పక్కన ఆ మనిషికి సొంతమైన పేరు ఒకటి ఉన్నప్పుడే అది నిండుగా ఉంటుంది. ఆక్సిరింకస్ తల్లి లోలియానే అని రాసుకున్న చోట మీ పాపకు ముత్తవ్వ కనకమ్మగారు ఉంటారు. ఒకటి మిమ్మల్ని ఆదరించిన పరాయి ఇంటి పెద్దది, ఒకటి మీ ఇంటి పెద్దది. అర్థం చూసినా రెండూ బంగారమే. జర్మనీలో ఒకటికి మించి పేర్లు నమోదు చేయించడం మామూలు విషయమే. జనన ధ్రువపత్రంలో ఏ వరుసలో, ఏ అక్షరాలతో రాయించారో భారతీయ పాస్‌పోర్టులోనూ అదే వరుసలో, అవే అక్షరాలతో రాయించండి. మీ ఇంటిపేరు మాత్రం ఇంటిపేరు గడిలోనే ఉండాలి, అది మధ్యలోకి వస్తే రేపు పిల్ల కాగితాలన్నింటిలోనూ తికమక పడవలసి వస్తుంది.

మీ అత్తగారితో మాట్లాడేటప్పుడు ఒక సంగతి చెప్పడం మరవకండి. ఔరేయుస్ అన్నది రోమన్ల బంగారు నాణెం పేరు కూడా. సముద్ర వర్తకం మీద ఆ నాణేలు మన తీరానికి వచ్చాయి. మీ ఊరికి దగ్గరలోని వినుకొండలోనూ, కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలోనూ రోమన్ బంగారు నాణేలు దొరికాయి. రోమన్ల దెనారియుస్ అనే నాణెం పేరు నుంచి వచ్చిన దీనారం అనే మాట నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు శాసనంలోనే ఉంది. ఆ పేరు మాటగా కొత్తదే కావచ్చు గాని దాని చుట్టాలు పల్నాటికి పదిహేడు, పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే వచ్చి వెళ్లారు.

బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి, పాప తండ్రి బంగారపు ఉంగరంతో పేరు రాస్తారు కదా. వీలైతే ఆ ఉంగరం మీ అత్తగారి చేతిది తీసుకోండి. పళ్లెం చిన్నదైతే రెండు పేర్లూ పట్టవు, కాబట్టి పెద్ద పళ్లెం ముందే చూసి ఉంచుకోండి. రాసేటప్పుడు ‘రె’ అని కాకుండా ఏత్వం దీర్ఘంగా ఇచ్చి ‘రే’ అనే రాయమనండి. లాటిన్‌లో ఆ పేరు పలికేటప్పుడు ఊనిక పడేది సరిగ్గా ఆ అక్షరం మీదే.